ఒక మనిషి, ఆరు రాజ్యాలు: జర్మన్ చరిత్రకు జీవితచరిత్ర దారి

1900లో బెర్లిన్ తూర్పు పేటల్లో ఒక ఆడపిల్ల పుట్టిందనుకోండి. తొంభై ఏళ్ళు నిండుగా బతికి, ఇల్లు మారకుండా అక్కడే కన్నుమూసిందనుకోండి. ఆమె పుట్టేనాటికి గోడ మీద కైజరు పటం ఉంది. పద్దెనిమిదో ఏట కైజరు హాలండుకు పారిపోయాడు, గణతంత్రం వచ్చింది. ముప్ఫై మూడో ఏట హిట్లర్ వచ్చాడు. నలభై అయిదో ఏట వీధిలోకి సోవియట్ సైన్యం వచ్చింది. నలభై తొమ్మిదో ఏట తూర్పు జర్మనీ పుట్టింది. తొంభయ్యో ఏట, 1990 అక్టోబరు 3న, అదే వంటగదిలో కూర్చున్న ముసలమ్మ సమైక్య జర్మనీ పౌరురాలైంది. గడప దాటకుండా ఆరు రాజ్యాలు చూసింది.

చరిత్ర పుస్తకం 1918 దగ్గర, 1933 దగ్గర, 1945 దగ్గర అధ్యాయం ముగించి పుట తిప్పుతుంది. మనిషికి ఆ వెసులుబాటు లేదు. రాజ్యం కూలిన మర్నాడు కూడా పిల్లలకు అన్నం పెట్టాలి, పాత ఉద్యోగానికి కొత్త ప్రమాణం చేయాలి, నిన్నటిదాకా మెడలో వేసుకున్న బిళ్ళను ఎక్కడ దాచాలో ఆలోచించాలి. జర్మన్ చరిత్రను జీవితచరిత్ర దారిలో రాయవచ్చా అన్న ప్రశ్న అక్కడ నూటయాభై ఏళ్ళుగా నలుగుతోంది. ఒకప్పుడు అదే రాజమార్గం అన్నారు, తర్వాత అది చరిత్రే కాదన్నారు, ఆపైన మళ్ళీ చేరదీశారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. జర్మనీ విషయంలో జీవితచరిత్ర గొప్పవాళ్ళ మీద కంటే రెండో వరస, మూడో వరస మనుషుల మీద ఎక్కువ వెలుగు వేసింది. బతుకును తేదీల దగ్గర తెగ్గొట్టకుండా చివరిదాకా రాసినప్పుడే ఆ వెలుగు వచ్చింది.

మొదలు మాత్రం గొప్పవాళ్ళతోనే. 1858లో మ్యూనిక్‌లో బవేరియా విద్వత్పరిషత్తు కింద చరిత్ర మండలి ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షుడు లియొపోల్డ్ ఫాన్ రాంకె. ఆ మండలి తలపెట్టిన జర్మన్ జీవితచరిత్ర కోశం 1875లో మొదలై 1912 నాటికి 56 సంపుటాలైంది. అందులో దాదాపు 26,500 మంది ఉన్నారు. బిస్మార్క్ దేశాన్ని ఏకం చేసిన నాలుగేళ్ళకే ఈ పని మొదలైంది. కొత్త దేశానికి పూర్వీకులు కావలసి వచ్చారు, వాళ్ళను అకారాది క్రమంలో నిలబెట్టారు. చరిత్రకారుడు ద్రోయిజెన్ అప్పటికే అలెగ్జాండర్ మీదా, ప్రష్యా సేనాని యోర్క్ మీదా పుస్తకాలు రాశాడు. రాంకె 1869లో వాలెన్‌స్టైన్ జీవితం రాస్తూ, ఒక మనిషి కథ ఎక్కడిదాకా అతని సొంతం, ఎక్కడినుంచి లోకానిది అన్న చిక్కును తడిమాడు. ట్రైచ్కె దగ్గరికి వచ్చేసరికి ఆ చిక్కే లేకుండా పోయింది. మహాపురుషులు చరిత్రను తయారు చేస్తారు, మిగతావాళ్ళు వెంట నడుస్తారు, అంతే. ఆ తరంలో లోతుగా ఆలోచించింది తత్త్వవేత్త డిల్తై. 1870లో మతతత్త్వవేత్త ష్లైయర్‌మాహర్ జీవితం మొదటి సంపుటి వెలువరించిన ఆయన, కాలపు శక్తులన్నీ ఒక మనిషిలో కలుసుకుని మళ్ళీ బయటికి ప్రవహిస్తాయని చూపబోయాడు. ఆ పుస్తకం పూర్తి కాలేదు. మనిషిలోకి వచ్చే దారాలన్నీ పట్టుకోబోతే పుస్తకానికి చివర దొరకదని తర్వాతివాళ్ళకు అక్కడే తెలిసింది.

మొదటి ప్రపంచయుద్ధం ఓడాక జర్మనీలో జీవితచరిత్రకు గిరాకీ పొంగింది. ఎమిల్ లుడ్విగ్ గోథే, నెపోలియన్, రెండో విల్హెల్మ్, బిస్మార్క్ జీవితాలను నవలలా చదివించే శైలిలో వరసగా రాశాడు. దేశదేశాల్లో లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. విశ్వవిద్యాలయ ఆచార్యులకు ఒళ్ళు మండింది. వాళ్ళ ప్రధాన పత్రిక ‘హిస్టోరిషె ట్సైట్‌ష్రిఫ్ట్’ 1928లో ఈ తరహా రచనలను కాలక్షేప సాహిత్యంగా తేల్చే సమీక్షలను సంపుటిగా వేసింది. అందులో పద్ధతి గురించిన న్యాయమైన అభ్యంతరాలున్నాయి. లుడ్విగ్ పాత్రల మనసులోకి ఆధారం లేకుండా దూరిపోతాడన్నది నిజమే. ఆ కోపంలో సగం మాత్రం రాజకీయం. లుడ్విగ్ గణతంత్రం పక్షాన ఉన్నవాడు, యూదుడు, కైజరును నిలదీసినవాడు. 1933 మే 10 రాత్రి బెర్లిన్ ఒపేరా మైదానంలో పుస్తకాలు తగలబెట్టినప్పుడు, మన చరిత్రను వక్రీకరించారు అనే అభియోగం చదివి మంటల్లోకి విసిరింది ఇద్దరి పుస్తకాలను. ఒకరు లుడ్విగ్, రెండోవారు పద్దెనిమిదో శతాబ్దపు ప్రష్యా రాజు ఫ్రెడరిక్ మీద కట్టిన పురాణాన్ని చీల్చి చూపిన వెర్నర్ హెగెమాన్. ఇద్దరూ జీవితచరిత్రకారులే.

అదే దశకంలో ఇంకో పుస్తకం వచ్చింది. ఎర్న్‌స్ట్ కాంటొరోవిచ్ 1927లో పదమూడో శతాబ్దపు చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ జీవితం రాశాడు. కవి స్టెఫాన్ గెయోర్గె శిష్యమండలిలోని ఈ యువకుడు అధోజ్ఞాపికలు లేకుండా, స్తోత్రంలాంటి వచనంలో, ఓడిపోయిన జర్మనీకి ఒక రక్షకుడి బొమ్మ గీశాడు. ఇది చరిత్ర కాదు, పురాణ దృష్టి అని ఆల్బర్ట్ బ్రాక్‌మాన్ దాడి చేస్తే, 1931లో కాంటొరోవిచ్ ఒక మొత్తం సంపుటి నిండా ఆధారాలు అచ్చువేసి జవాబిచ్చాడు. ఆధారాల్లో లోటు లేదని తేలింది. లోటు ఇంకో చోట ఉంది. నాయకుడి కోసం ఎదురుచూసే దేశానికి ఆ పుస్తకం నాయకుణ్ణి ఆరాధించే భాష అందించింది. రాసినవాడు పోజెన్ నుంచి వచ్చిన యూదుడు. ఆరాధించినవాళ్ళ రాజ్యం వచ్చాక ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆచార్య పదవి వదులుకుని, చివరికి అమెరికా వలసపోయాడు. ఆ పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయడానికి చాలా ఏళ్ళు ఒప్పుకోలేదు.

ఈ వెల్లువ ఎందుకొచ్చిందో ఆనాడే పట్టుకున్నవాడు పాత్రికేయుడు సీగ్‌ఫ్రీడ్ క్రకావర్. యుద్ధం, ద్రవ్యోల్బణం కలిసి మధ్యతరగతి మనిషిని చిల్లిగవ్వకు కొరగాకుండా చేశాయి, తన బతుక్కి ఆకారం పోయినవాడు మహాపురుషుల బతుకుల్లో ఆకారం వెతుక్కుంటున్నాడు అని 1930లో ఆయన వాదించాడు. తర్వాత పారిస్ ప్రవాసంలో సంగీతకర్త ఓఫెన్‌బాక్ జీవితం రాసినప్పుడు, అది ఒక్క మనిషి కథ కాదు, ఒక నగర సమాజపు జీవితచరిత్ర అన్నాడు. ఆ రోజుల్లో వచ్చిన పుస్తకాల్లో పద్ధతి పరంగా నాకు ఎక్కువ నచ్చినది ఇదే.

1945 తర్వాత తీరు మారింది. మహాపురుషుల చరిత్ర ఎక్కడికి తీసుకుపోయిందో అందరూ చూశారు. 1960ల చివర, 70ల్లో బీలెఫెల్ట్ విశ్వవిద్యాలయం కేంద్రంగా హాన్స్-ఉల్రిష్ వేలర్, యూర్గెన్ కొక్కా వంటివారు సమాజపు నిర్మాణాల చరిత్ర రాయాలన్నారు. భూస్వాముల పట్టు, పరిశ్రమల పెరుగుదల, సైన్యం పెత్తనం, పాఠశాలలు ఏం నేర్పాయి, పన్నులు ఎవరు కట్టారు, ఇవీ ప్రశ్నలు. 1973లో వచ్చిన వేలర్ ‘జర్మన్ కైజరు సామ్రాజ్యం’ పుస్తకంలో మనుషులకంటే వ్యవస్థలు ఎక్కువ మాట్లాడతాయి. జీవితచరిత్ర అంటే వెనకబడ్డ పని అని కుర్ర పరిశోధకులకు చెప్పేవారు. ఫ్రాన్సులో సమాజశాస్త్రవేత్త బూర్దియె 1986లో చేసిన విమర్శ దీనికి తోడైంది. రైలుమార్గాల పటం చూడకుండా ఒక్క ప్రయాణాన్ని వివరించబోవడం లాంటిది జీవితకథ అన్నాడాయన.

ఈ విమర్శ నుంచి చరిత్ర చాలా లాభపడింది, అది ఒప్పుకోవాలి. కానీ నిర్మాణాల చరిత్రకు ఒక గుడ్డిచుక్క ఉంది. అది గురువుల ముఖం మీదే పడింది. పశ్చిమ జర్మనీలో సామాజిక చరిత్రకు పునాది వేసిన పెద్దలు వెర్నర్ కొన్‌ట్సె, తెయొడోర్ షీడర్. వేలర్ షీడర్ శిష్యుడు. 1939 అక్టోబరులో, పోలండ్ ఆక్రమణ జరిగిన కొద్ది వారాలకే, అక్కడి జనాన్ని తరలించి జర్మన్లను నింపడం గురించిన ఒక పత్రం షీడర్ తయారు చేశాడు. ఈ సంగతి 1990ల్లో గాని చర్చకు రాలేదు. 1998లో ఫ్రాంక్‌ఫర్ట్ చరిత్రకారుల మహాసభలో ఇది బద్దలైంది. శిష్యులు ఒక్కొక్కరే లేచి, మేమెప్పుడూ అడగలేదు అన్నారు. ఆ పెద్దల మీద జీవితచరిత్రలు తర్వాతే వచ్చాయి. కొన్‌ట్సె మీద 2010లో, షీడర్ మీద 2013లో. శ్రామికుల వేతనాల పట్టికలు వేసిన తరం తన ఆచార్యుల పాత కాగితాలు చూడలేదు. వ్యవస్థ సంతకం పెట్టదు, మనిషే పెడతాడు. ఆ సంతకం వెతకడం నిర్మాణాల చరిత్ర పనిగా పెట్టుకోలేదు.

తూర్పున ఇంకో నాటకం నడిచింది. మార్క్సిస్టు చరిత్రలో వర్గాలే కథానాయకులు. 1950లో బెర్లిన్ ఉంటర్ డెన్ లిండెన్ వీధి నుంచి ప్రష్యా రాజు ఫ్రెడరిక్ గుర్రపు విగ్రహాన్ని ఊడదీసి పోట్స్‌డామ్ పంపేశారు. 1979లో ఇన్‌గ్రిడ్ మిట్టెన్‌ట్స్వై ఆ రాజు జీవితాన్ని తూర్పు జర్మనీలోనే సానుభూతితో రాసింది. మరుసటి ఏడే విగ్రహం తన పాత చోటికి తిరిగివచ్చింది. రాజ్యం తనకు వేళ్ళు కావాలనుకున్నప్పుడల్లా జీవితచరిత్రనే పిలుస్తుంది. 1985లో ఎర్న్‌స్ట్ ఎంగెల్‌బెర్గ్ రాసిన బిస్మార్క్ జీవితం తూర్పు, పశ్చిమ బెర్లిన్‌లలో రెండు చోట్లా ఒకేసారి వెలువడింది. గోడకు అటూ ఇటూ ఒకే బిస్మార్క్‌ను చదివారు.

బిస్మార్క్ మీద పుస్తకాలు కొండలా పెరిగాయి. 1980లో లోథర్ గాల్ రాసినది నిర్మాణాల చరిత్ర నేర్పిన పాఠాలను కలుపుకుంది. అందులో బిస్మార్క్ విప్లవాన్ని పైనుంచి తెచ్చి, ఆ తర్వాత తాను విడిచిన శక్తుల చేతిలోనే చిక్కిన మనిషి. అయినా నన్నడిగితే ఆ కొండ మీద ఎత్తైన పుస్తకం 1977లో ఫ్రిట్జ్ స్టెర్న్ రాసినదే. అందులో కథానాయకులు ఇద్దరు, బిస్మార్క్ ఒకరైతే ఆయన బ్యాంకరు గెర్సన్ బ్లైష్‌రోడర్ ఇంకొకరు. బ్లైష్‌రోడర్ యూదుడు. ఛాన్సలర్ సొంత సొమ్ము చూసుకున్నవాడు, 1866 యుద్ధానికి ముందు ప్రభుత్వానికి డబ్బు దొరికే దారి చూపినవాడు, ప్రష్యా ప్రభువంశ బిరుదు పొందినవాడు. బిస్మార్క్ తన జ్ఞాపకాల్లో ఆయన్ను దాదాపు కనబడనివ్వలేదు. స్టెర్న్ ఆ కుటుంబపు ఉత్తరాల పెట్టెలు తెరిచి చెరిపేసిన మనిషిని తెచ్చి పక్కన కూర్చోబెట్టాడు. దాంతో సామ్రాజ్యం ‘ఉక్కు’తోనే కాక ‘బంగారం’తోనూ నిలబడిందని, ఆ బంగారం తెచ్చినవాడికి సమాజంలో కుర్చీ వేయలేదని ఒకేసారి కనిపిస్తుంది. జంట జీవితచరిత్ర అన్న పద్ధతి ఎంత చేయగలదో ఇదే నిదర్శనం.

రెండో విల్హెల్మ్ గురించి త్వరగా చెప్పేస్తాను. జాన్ రోల్ మూడు సంపుటాల్లో, దాదాపు 4000 పుటల్లో ఆ కైజరును రాశాడు. ఎడమచెయ్యి దెబ్బతిన్న పుట్టుక నుంచి ప్రవాసపు చివరి రోజుల దాకా ప్రతి ఉత్తరం చదివాడు. వ్యవస్థే నడిపిందన్న వేలర్ తరానికి అది నేరుగా జవాబు. ఆ దర్బారులో పదోన్నతి కావాలంటే ఒక్క మనిషి ముఖం చూడవలసి వచ్చేదని రోల్ చూపాడు. క్రిస్టఫర్ క్లార్క్ అందులో కొంత తగ్గించి, కైజరు మాటల ఆర్భాటం వేరు, ఆయన చేతిలో ఉన్న అధికారం వేరు అన్నాడు. ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సినవే.

హిట్లర్ దగ్గరికి రాక తప్పదు. జర్మన్ చరిత్ర అనగానే లోకమంతా వెతికే పేరు అదే. మన ఊళ్ళ ఫుట్‌పాత్ పుస్తకాల గుట్టల్లో సైతం జర్మనీ గురించి కనబడే మొదటి పుస్తకం హిట్లర్ ఆత్మకథే. అది నాకు చాలా బాధ కలిగించే సంగతి. ఒక దేశం గురించి మనం చదివే ఏకైక జీవితకథ, ఆ దేశాన్ని నాశనం చేసినవాడు తన గురించి తాను చెప్పుకున్న కథ కావడం మంచిది కాదు. పుస్తకం కొనే చదువరి పక్కనే ఇంకోటి కూడా కొనాలి.

ఆ ఇంకోటి ఏది? 1952లో అలన్ బుల్లక్ రాసిన హిట్లర్ అధికారం తప్ప ఇంకేదీ పట్టని అవకాశవాది. 1973లో యోఆకిమ్ ఫెస్ట్ రాసిన బృహద్గ్రంథం శైలిలో గొప్పది. కానీ అది హిట్లర్ గొప్పవాడా కాదా అన్న ప్రశ్నతో మొదలవుతుంది, యూదుల హత్యకు దక్కిన చోటు తక్కువ. అదే కాలంలో హాన్స్ మొమ్‌సెన్ వంటివారు నాజీ రాజ్యాన్ని ఒకదానితో ఒకటి పోటీపడే కార్యాలయాల గందరగోళంగా చూపారు. ఆ బొమ్మలో హిట్లర్ బలహీనుడు. వివాదం ఏళ్ళతరబడి సాగింది. ఇయన్ కెర్షా ఈ ముడి విప్పాడు. ఆయన జీవితచరిత్రకారుడు కాడు. బవేరియాలో మామూలు జనం నాజీ పాలనలో ఏమనుకున్నారో పరిశోధించి, అటునుంచి హిట్లర్ దగ్గరికి వచ్చినవాడు. 1998, 2000 సంవత్సరాల్లో వచ్చిన రెండు సంపుటాలకు ఇరుసులాంటిది ఒక చిన్న అధికారి ప్రసంగం. 1934 ఫిబ్రవరిలో ప్రష్యా వ్యవసాయ శాఖ కార్యదర్శి వెర్నర్ విలికెన్స్, ఫ్యూరర్ ప్రతిదీ పైనుంచి ఆజ్ఞాపించలేడు గనుక, ఆయన ఏం కోరుకుంటాడో ఊహించి ఆ దిశగా పనిచేయడం ప్రతివాడి బాధ్యత అన్నాడు. కెర్షా తాళంచెవి అదే. నియంత ఇష్టాన్ని ఊహించి పోటీపడిన వేలమంది వల్లే రాజ్యం రోజురోజుకీ క్రూరమైంది. జీవితచరిత్ర పేరు హిట్లర్‌ది, లోపల నడిచేది ఆ వేలమంది.

అయితే ఆ వేలమంది ఎవరు? జర్మన్ చరిత్ర రచనకు జీవితచరిత్ర ఇచ్చిన అసలు కానుక ఈ ప్రశ్నకు జవాబే. 1996లో ఉల్రిష్ హెర్బర్ట్ రాసిన ‘బెస్ట్’ పుస్తకం ముఖచిత్రం చూసి ఎవరీయన అని చాలామంది అడిగి ఉంటారు. వెర్నర్ బెస్ట్ 1903లో డార్మ్‌స్టాట్‌లో పుట్టాడు. తండ్రి యుద్ధంలో 1914లోనే చనిపోయాడు. యుద్ధానికి వెళ్ళే వయసు రాని, ఓటమి అవమానం మాత్రం మిగిలిన తరం అది. న్యాయశాస్త్రం చదివాడు. అరవడు, కొట్టడు, వీధి రౌడీలను అసహ్యించుకుంటాడు. 1931లోనే, ప్రభుత్వం పడిపోతే అధికారం ఎలా చేజిక్కించుకోవాలో ఆజ్ఞల చిత్తుప్రతి రాశాడు. అది బయటపడి దేశమంతా గొడవైంది. తర్వాత నాజీల రహస్య పోలీసు విభాగం గెస్టాపోలో, దాని అధిపతి హైడ్రిష్‌కు కుడిభుజమయ్యాడు. రహస్య పోలీసులు న్యాయస్థానానికి ఎందుకు లోబడనక్కర్లేదో చట్టపు భాషలో రాసిపెట్టాడు. 1939లో పోలండ్‌లో చంపడానికి వెళ్ళిన దళాల ఏర్పాటులో అతని చెయ్యి ఉంది. 1942 చివర డెన్మార్క్‌లో జర్మనీ ప్రతినిధి. 1943 సెప్టెంబరులో అక్కడి యూదులను పట్టుకుపోవాలని తంతి పంపింది అతనే. ఆ తర్వాత తేదీ బయటికి పొక్కనిచ్చిందీ అతని కార్యాలయమే. ఏడువేల మందికి పైగా పడవల్లో స్వీడన్ చేరి బతికారు. ఏ లెక్కతో అలా చేశాడన్నది హెర్బర్ట్ ఓపిగ్గా విప్పుతాడు. కరుణ అని తేల్చడు. డెన్మార్క్‌ను ప్రశాంతంగా ఏలాలి, యూదులు లేకుండా పోవాలి, ఈ రెండూ ఆ పనితో నెరవేరాయి.

మామూలు పుస్తకమైతే 1945 దగ్గర ఆగేది. హెర్బర్ట్ ఆగలేదు. డెన్మార్క్ న్యాయస్థానం మొదట మరణశిక్ష వేసింది, అది తగ్గింది, 1951లో విడుదలయ్యాడు. ఎస్సెన్‌లో ఒక పార్లమెంటు సభ్యుడి న్యాయవాద కార్యాలయంలో కూర్చుని, పాత సహచరులకు క్షమాభిక్ష తెప్పించే ఉద్యమం నడిపాడు. ఎవరు ఏం సాక్ష్యం చెప్పాలో తీర్చిదిద్దాడు. తర్వాత ఒక పెద్ద పరిశ్రమకు న్యాయసలహాదారు. 1972లో పోలండ్ హత్యలపై అభియోగం దాఖలైనా ఆరోగ్యం పేరుతో విచారణ జరగలేదు. 1989 జూన్‌లో, గోడ కూలడానికి అయిదు నెలల ముందు, మంచంలో పోయాడు. ఈ రెండో సగం చదివాక ఒక సంగతి కొట్టినట్టు తెలుస్తుంది. హంతక రాజ్యాన్ని నడిపినవాళ్ళు ఉన్మాదులు కారు, ఆలోచన లేని గుమాస్తాలూ కారు. చదువుకున్నవాళ్ళు, తాము చేసేది హేతుబద్ధమని నమ్మినవాళ్ళు. వాళ్ళ చేతిలోనే పశ్చిమ జర్మనీ తొలి దశాబ్దాలు కూడా కొంత రూపుకట్టాయి. ఏ పట్టికా, ఏ సిద్ధాంతమూ ఈ సంగతిని ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఆ దారిలో మిషాయెల్ విల్ట్ 2002లో నాజీ కేంద్ర భద్రతా కార్యాలయ నాయకులు 221 మంది జీవితాలను కలిపి చదివాడు. ఎక్కువమంది 1900 తర్వాత పుట్టినవాళ్ళు, చాలామంది పట్టభద్రులు. దీన్ని సామూహిక జీవితచరిత్ర అంటారు. క్రిస్టఫర్ బ్రౌనింగ్ 1992లో ఇంకా కిందికి దిగి, హాంబర్గ్ నుంచి పోలండ్ పంపిన నడివయసు పోలీసుల వాంగ్మూలాలు చదివాడు. 1942 జులై 13 ఉదయం యూజెఫువ్ ఊరి బయట వాళ్ళ అధికారి, ఈ పని చేయలేమనుకునే పెద్దవయసువాళ్ళు పక్కకు రావచ్చు అన్నాడు. కొద్దిమంది, పది పన్నెండు మంది, పక్కకు వచ్చారు. వాళ్ళకు ఏ శిక్షా పడలేదు. సాయంత్రానికి దాదాపు 1500 మంది యూదులను చంపారు. ఆ పక్కకు వచ్చిన అడుగు నిర్మాణాల చరిత్రకు కనబడదు. అది వేసినవాడి పేరుతో, వయసుతో, వృత్తితో వెతికితేనే కనబడుతుంది.

జీవితచరిత్రకు ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. జర్మన్లు తమ బతుకును కాగితం మీద పెట్టడంలో ఆరితేరినవాళ్ళు. ఉద్యోగానికి, పెళ్ళికి, సైన్యానికి, పార్టీకి ప్రతిదానికీ ‘లేబెన్స్‌లౌఫ్’ అనే జీవన సంగ్రహం చేతిరాతతో ఇవ్వాలి. అదే మనిషి 1934లో ఒకలా రాశాడు, 1946లో ఇంకోలా రాశాడు. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయ సమాజశాస్త్రవేత్త తెయొడోర్ ఏబెల్ నాజీ పార్టీ పాత సభ్యులకు ఒక పోటీ పెట్టాడు. ఎందుకు చేరారో మీ జీవితకథగా రాయండి, మొత్తం బహుమతి 400 మార్కులు అన్నాడు. 683 మంది రాసి పంపారు. గర్వంగా రాశారు. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం 131 ప్రశ్నల పత్రం ఇచ్చి అదే తరాన్ని జీవితం రాయమంది. ఈసారి గర్వం లేదు, జ్ఞాపకమూ లేదు. రెండు కట్టలనూ పక్కన పెట్టి చదవగలిగినవాడే ఆ దేశపు జీవితచరిత్రకారుడు.

దీనికి ఆఖెన్ నగరం ఒక గుణపాఠం. ఇప్పుడు మన తెలుగు పిల్లలు ఇంజనీరింగ్ చదవడానికి వెళ్తున్న ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి 1970 నుంచి 1973 దాకా రెక్టరుగా ఉన్నది హాన్స్ ష్వెర్టె. సాహిత్య ఆచార్యుడు, ఉదారవాది అని పేరు. 1995లో బయటపడింది, అసలు ఆయన పేరు హాన్స్ ఎర్న్‌స్ట్ ష్నైడర్. ఎస్.ఎస్. అధిపతి హిమ్లర్ పరిశోధన సంస్థలో ఎస్.ఎస్. అధికారి. 1945లో కొత్త పేరు, కొత్త పుట్టిన ఊరు పెట్టుకున్నాడు. భార్య భర్త చనిపోయాడని ప్రకటించింది, 1947లో అదే మనిషిని కొత్త పేరుతో మళ్ళీ పెళ్ళాడింది. రెండోసారి డాక్టరేటు కూడా సంపాదించాడు. ఒక దేహంలో రెండు జీవితచరిత్రలు. రెండోది బూటకమే అని కొట్టేయడం తేలిక, కానీ ఆ రెండో యాభై ఏళ్ళలో ఆయన చెప్పిన పాఠాలు, తయారైన శిష్యులు నిజం. దేన్ని దేనితో కొలవాలి? ఆ ప్రశ్నకు నాకింతవరకు తృప్తికరమైన జవాబు కనబడలేదు.

హిట్లర్ వాస్తుశిల్పి, ఆయుధ మంత్రి ఆల్బర్ట్ ష్పేర్ పేరు మార్చుకోలేదు, కథ మార్చుకున్నాడు. 20 ఏళ్ళ శిక్ష ముగించుకుని 1966లో బయటికొచ్చి, 1969లో జ్ఞాపకాలు అచ్చేసి, ఏమీ తెలియని నిపుణుడిగా లోకాన్ని నమ్మించాడు. ఆ పుస్తకం తయారీలో సాయపడిన సంపాదకుల్లో పైన చెప్పిన ఫెస్ట్ ఒకడు. బెర్లిన్ యూదుల ఇళ్ళు ఖాళీ చేయించిన సంగతులున్న కార్యాలయ దినచర్యను మిత్రుడు వోల్టెర్స్ కత్తిరించి శుభ్రం చేస్తే, ఆ ప్రతినే ప్రభుత్వ భాండాగారానికి ఇచ్చారు. 1982లో ఒక యువ పరిశోధకుడు మథియాస్ ష్మిట్ దాన్ని బయటపెట్టాడు. 2017లో మాగ్నుస్ బ్రెష్ట్‌కెన్ రాసిన జీవితచరిత్రతో కట్టుకథ పూర్తిగా కూలింది. దాదాపు అర్ధశతాబ్దం చరిత్రకారులు నిందితుడి మాట మీద ఆధారపడ్డారు. బతికి ఉన్న కథానాయకుడి ఇంట్లో కాఫీ తాగుతూ రాసిన జీవితచరిత్రను నేను నమ్మను.

ఇంతవరకు చెప్పిన పేర్లన్నీ దాదాపు మగవాళ్ళవే, మొదట చెప్పిన కోశం 56 సంపుటాల్లో కూడా అంతే. హన్నా ఆరెంట్ 1933కి ముందే బెర్లిన్‌లో మొదలుపెట్టిన రాహెల్ ఫార్న్‌హాగెన్ జీవితం 1958లో గాని అచ్చుకు రాలేదు. సాహిత్య గోష్ఠులు నడిపిన ఆ యూదు స్త్రీ కథను ఆరెంట్ బయటినుంచి కాక, రాహెల్ తనకు తాను చెప్పుకోగలిగినట్టు రాయాలని చూసింది. జర్మన్ సమాజంలో యూదులు కలిసిపోయారన్న నమ్మకం ఎంత పలచనో ఆ పుస్తకం రాస్తుండగానే రుజువైంది. రచయిత్రి దేశం వదిలి పారిపోవలసి వచ్చింది.

చివరిగా వేటాడబడ్డవాళ్ళు, చంపబడ్డవాళ్ళు. విక్టర్ క్లెంపెరర్ డ్రెస్డెన్‌లో ఫ్రెంచి సాహిత్య ఆచార్యుడు, యూదుడు. భార్య ఎవా యూదురాలు కాకపోవడంతో బతికాడు. 1933 నుంచి 1945 దాకా రాసిన దినచర్య కాగితాలను ఎవా విడతలు విడతలుగా పిర్నా ఊళ్ళో ఒక డాక్టరమ్మ ఇంటికి చేరవేసింది. దొరికితే ముగ్గురికీ చావే. ఆ దినచర్యలో ఫోను పోతుంది, గ్రంథాలయం పోతుంది, టైపురైటరు పోతుంది, ట్రాము పోతుంది. 1942 మేలో యూదులు పెంపుడు జంతువులను ఉంచుకోరాదని ఆజ్ఞ వస్తే, ముషెల్ అనే పిల్లిని ఎవా సంచిలో పెట్టుకుని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి చంపించింది. ఆ పుట చదివాక నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. చట్టాల జాబితాలో ఆ ఆజ్ఞ ఒక వరస. ఇక్కడ అది ఒక ఇల్లు. ఈ దినచర్యలు 1995లో గాని పూర్తిగా అచ్చు కాలేదు.

క్లెంపెరర్ వేల పుటలు వదిలాడు. ఏమీ వదలని వాళ్ళ సంగతి? గోట్జ్ ఆలీ 2004లో మారియన్ సామ్యూల్ అనే అమ్మాయి జీవితచరిత్ర రాశాడు. 1931లో పుట్టి, 1943 మార్చిలో బెర్లిన్ నుంచి ఆష్‌విట్జ్‌కు పంపబడిన పిల్ల. హతుల జాబితాలోంచి యాదృచ్ఛికంగా ఎంచిన పేరు. మొదట పేరు తప్ప ఏమీ లేదు. ఆలీ పన్నుల కార్యాలయం దస్త్రాలు వెతికాడు. తరలించేముందు ఆ కుటుంబం ఇంట్లో ఏమేం ఉన్నాయో నింపించుకున్న ఆస్తి పత్రం దొరికింది. పత్రికలో ప్రకటన వేస్తే పాత సహాధ్యాయిని, బంధువులు ముందుకొచ్చారు. చివరికి ఫోటో దొరికింది. పుస్తకం చిన్నది, ఖాళీలు ఎక్కువ. ఆ ఖాళీలను ఊహతో నింపకపోవడమే ఆ రచయిత నిజాయతీ. జర్మన్ వీధుల్లో నడిచేవారికి ఇంతకంటే చిన్న జీవితచరిత్రలు కాలికి తగులుతాయి. శిల్పి గుంటర్ డెమ్నిగ్ ఇళ్ళ ముందు పాతుతున్న ఇత్తడి పలకలవి. పది సెంటీమీటర్ల చదరం, ఇక్కడ ఉండేవారు అన్న మాట, పేరు, పుట్టిన ఏడు, తరలించిన తేదీ, చనిపోయిన చోటు. 2023 మేలో న్యూరెంబర్గ్‌లో లక్షో రాయి వేశారు.

మనకూ ఇందులో ఒక బాకీ ఉంది. బెర్లిన్‌లో 1914 నుంచి కైజరు విదేశాంగ శాఖ సాయంతో భారత విప్లవ సంఘాన్ని నడిపి, వైమార్ గణతంత్ర కాలంలో సామ్రాజ్యవాద వ్యతిరేక సమితికి కార్యదర్శిగా పనిచేసి, మాస్కో చేరి 1937 సెప్టెంబరు 2న స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపిన వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ 1880లో పుట్టింది హైదరాబాద్‌లో. నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ కొడుకు, సరోజినీ నాయుడి తమ్ముడు. నిరోద్ బరువా 2004లో ఇంగ్లీషులో ఆయన జీవితచరిత్ర రాశారు. జర్మన్ విదేశాంగ శాఖ భాండాగారంలో ఆ సంఘం కాగితాలు బెర్లిన్‌లో ఉన్నాయి. జర్మన్ చదవగలిగిన తెలుగు పిల్లలు ఇప్పుడు అదే ఊళ్ళో వందల్లో ఉన్నారు. మీలో ఒకరు ఒక సెలవురోజు ఆ దస్త్రాలు అడిగి తెరవండి, చటోపాధ్యాయ బతుకును హైదరాబాద్ నుంచి మాస్కో దాకా, తేదీల దగ్గర తెంచకుండా, తెలుగులో రాయండి.